టెస్టరు, ప్లేయరు చాలవు

కరెంటు పనివాణ్ణి మెచ్చుకోవాలంటే మంగళగిరిలో ఇప్పటికీ ఒకటే పొగడ్త. "ఆయన జేబులో టెస్టరు, చేతిలో కటింగ్ ప్లేయరు ఉంటే చాలండీ, ఏ పనైనా చేసేస్తాడు." ఇళ్లవాళ్లు అంటారు, షాపుల దగ్గర అంటారు, పాత మేస్త్రీలు తమ గురించి తామే చెప్పుకుంటారు. వెనకాలే ఇంకో మాట వస్తుంది: పనితనం చేతిలో ఉంటుంది గానీ సామానులో ఉంటుందా? అందుకే పాత ఓమ్నీలోనో ఈకోలోనో అరలు కొట్టించుకుని, డబ్బాల నిండా సరుకు సర్దుకుని వచ్చే ఎలక్ట్రీషియన్ని చూస్తే చాలామంది పెదవి విరుస్తారు. స్విచ్చు మార్చడానికి బండెడు సామానెందుకు, డబ్బు గుంజడానికి కాకపోతే, అంటారు.

ఈ పొగడ్తా తప్పే, ఆ పెదవి విరుపూ తప్పే. మన ఇళ్లలో గోడల వెనక దాగి ఉన్న పాడు పనిలో ఎక్కువ భాగం చేసింది పని రానివాళ్లని అందరూ అనుకుంటారు. ఈ చుట్టుపక్కల బోర్డులు విప్పుతూ బతుకుతున్నవాడిగా నేను చూసింది వేరు. పని బాగా వచ్చినవాళ్లే, ఆ నిమిషానికి కావలసిన వస్తువు చేతికందక, ఉన్నదానితో సర్దేశారు. ఆ సర్దుబాటు గోడలో ఏళ్ల తరబడి ఉండిపోయింది.

మే నెల, ఆదివారం మధ్యాహ్నం, ఆత్మకూరు రోడ్డులో ఒక అపార్టుమెంటు అనుకోండి. ఏసీ ఆగింది. సాకెట్టు విప్పితే న్యూట్రల్ వైరు చివర రెండంగుళాల మేర పైతొడుగు మాడి పెళుసెక్కింది. సాకెట్టు లోపలి ఇత్తడి పట్టు వదులై నీలం తిరిగింది. చేయాల్సిందేమిటో వచ్చిన మనిషికి తెలుసు. మాడినంత మేర కోసేయాలి, కొత్త వైరు లాగాలి, లేదా ఆ కరెంటును మోయగల కనెక్టరుతో ముక్క కలపాలి, 16 యాంపియర్ల కొత్త సాకెట్టు వేయాలి. కానీ అతను తెచ్చుకున్నది టెస్టరు, ప్లేయరు, అరిగిపోయిన టేపు చుట్ట. షాపు మూసి ఉంది. ఇంట్లో పసిపిల్ల ఉక్కకి గుక్కపెట్టి ఏడుస్తోంది. అతను వైరు గుంజి, మళ్లీ అదే వదులు పట్టులో బిగించి, "ఇవాళ్టికి నడుస్తుందమ్మా, రేపొచ్చి మారుస్తా" అంటాడు. ఆ రేపు రాదు. ఏసీ నడుస్తోంది కనక వీళ్లు పిలవరు, వేరే పనులున్నాయి కనక అతను రాడు. టన్నున్నర ఏసీ లాగే ఏడు యాంపియర్లూ గంటల కొద్దీ ఆ వదులు పట్టులోంచే పారుతుంటాయి. చేతిలో పనితనం లేకనా ఇలా జరిగింది?

ఇంతకంటే చవకైన వస్తువు ఇంకొకటి ఉంది: ఫ్యూజు వైరు. పాత మంగళగిరి వీధుల్లో పింగాణీ కటౌట్లున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఫ్యూజు వైరు చుట్ట ఖరీదు ఒక టీకి పెట్టేంత. అది దగ్గర లేనప్పుడు పనివాడు ఏం చేస్తాడో అందరూ చూసే ఉంటారు. మిగిలిపోయిన వైరు ముక్కలోంచి రెండు రాగి పోగులు లాగి కట్టేస్తాడు. ఫ్యూజు ఉన్నదే ఎక్కువ కరెంటు పారితే తాను కరిగిపోవడానికి. రాగి పోగులు సమయానికి కరగవు, గోడలో వైరు కరుగుతుంది. పక్కవాళ్లు మాత్రం "ఎంత తెలివి, క్షణంలో లైటు వెలిగించాడు" అని మెచ్చుకుంటారు. ఆ మెప్పే ఆ పనివాడికి పాఠమవుతుంది. రేపటి నుంచి చుట్ట కొనడు.

టెస్టరు గురించి కూడా గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే దానికి మనవాళ్లు ఇచ్చే గౌరవం ప్రాణాంతకం. దానిలోని నియాన్ బల్బు మన ఒంట్లోంచి పారే అతి కొద్ది కరెంటుతో వెలుగుతుంది. పొడిగా ఉన్న ప్లాస్టిక్ స్టూలెక్కి, రబ్బరు చెప్పులేసుకుని చూస్తే వెలుగు మసకబారుతుంది. మిట్టమధ్యాహ్నం డాబా మీద అసలు కనిపించదు. వెలగలేదు కనక కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టినవాళ్లున్నారు. న్యూట్రల్ తెగిపోతే సాకెట్టు రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది, ఫ్యాను మాత్రం తిరగదు. తప్పెక్కడుందో టెస్టరు చెప్పలేదు. దానికి మల్టీమీటరు కావాలి, కనీసం ఒక టెస్ట్ ల్యాంపు కావాలి. ఇన్సులేషన్ దెబ్బతిందేమో చూడాలంటే 500 వోల్టుల మెగ్గరు కావాలి. ఇవి జేబులో పట్టవు. బండిలో పడతాయి.

ఇక "షాపు పక్కనే ఉంది కదా, కావలసింది రాసిస్తే మేమే తెచ్చుకుంటాం" అనే వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. షాపు తెరిచి ఉన్న వేళల్లో, ఆ షాపులో ఆ వస్తువు ఉన్నప్పుడు సబబే. కరెంటు తప్పులు వేళ చూసుకుని రావు. లోడు పెరిగే రాత్రిపూట, గాలివాన వచ్చిన సాయంత్రం ఎక్కువ వస్తాయి. మాడ్యులర్ స్విచ్చులు వచ్చాక ఒక కంపెనీ ప్లేటు ఇంకో కంపెనీ స్విచ్చుకి కూర్చోదు. బోరు మోటారు స్టార్టరుకి రిలే కావాలన్నా, పాత మోడల్ కాయిల్ కావాలన్నా చాలాసార్లు వారధి దాటి విజయవాడ గవర్నర్‌పేటకి పోవలసిందే. పోను పన్నెండు కిలోమీటర్లు, రాను పన్నెండు, మధ్యలో ట్రాఫిక్. అంతసేపూ ఇంట్లో మెయిన్ ఆపేసి ఉంటుంది, బోర్డు నోరు తెరుచుకుని ఉంటుంది, వైర్లు బయటికి వేలాడుతుంటాయి. ఆ విప్పిన బోర్డు కిందే పిల్లలు తిరుగుతారు. ఎవరైనా తెలియక మెయిన్ వేశారంటే అంతే, పనిలో అతి ప్రమాదకరమైన సమయం అది. షాపుకి తిరిగే ప్రతి తిరుగుడూ ఆ సమయాన్ని పొడిగిస్తుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌ని ముంచెత్తింది. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. సింగ్ నగర్ వైపు కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. నీళ్లు తీశాక ప్రతి ఇంట్లోనూ ఒకటే కథ. సాకెట్లలో ఒండ్రు, మెయిన్ బోర్డులో బురద, స్టార్టరు పెట్టెలో నీళ్లు. పక్కనే ఉందనుకున్న షాపులో సరుకూ మునిగింది, దాని షట్టరు కిందా బురదే. ఆ వారం ఆ వీధులకు పనికొచ్చింది బండిలో సరుకుతో వచ్చినవాళ్లు. తడిసిన ఎంసీబీలు పారేసి కొత్తవి వేయడానికి పెట్టెలతో వచ్చినవాళ్లు, మెగ్గరు పెట్టి గోడలోని వైరు ఆరిందో లేదో తేల్చాకే స్విచ్చు వేయనిచ్చినవాళ్లు. ఉత్త చేతులతో వచ్చినవాళ్లు గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ అవే బిగించారు. బురద పట్టిన ఎంసీబీ లోపలి యంత్రం అవసరమైన నాడు పడుతుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ ఇళ్లలో అవి ఇంకా ఉన్నాయి.

మా ఊరి మగ్గాల సంగతి చెప్పకుండా ఉండలేను. మంగళగిరి నేతలో గుంట మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. నేతగాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. వానాకాలం ఆ గుంటలో చెమ్మ ఊరుతుంది. నెత్తిన మూరెడు ఎత్తులో, పాతబడిన వైరుకి వేలాడే బల్బు. చెమ్మలో ఒట్టి కాళ్లు, చేతికందే ఎత్తులో హోల్డరు. షాకుకి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. అక్కడ ఉండవలసింది 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ. ఒంట్లోంచి కరెంటు భూమిలోకి జారడం మొదలుకాగానే రెప్పపాటులో లైను తెంపేస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లోనూ, వాటి స్థానంలో 2023లో వచ్చినవాటిలోనూ ఈ లీకేజీ రక్షణ మాట ఉంది. నేర గణాంకాల సంస్థ లెక్కల్లో కరెంటు షాకుతో దేశంలో ఏటా 12 వేల మందికి పైగా చనిపోతున్నారు. అందరూ ఇళ్లలో పోయినవాళ్లు కారు, పొలాల్లో, స్తంభాల మీద పోయినవాళ్లూ ఉన్నారు. కానీ మగ్గం గుంటలాంటి చోటు ఆ లెక్కకి చేరకుండా ఆపగలిగింది రెండు వేల రూపాయలకి అటూ ఇటూగా దొరికే ఆ చిన్న పెట్టె.

మగ్గం ఇంటికి హోల్డరు మార్చడానికి వెళ్లినప్పుడు ఆ పెట్టె బండిలో ఉంటే మాట ఒకలా సాగుతుంది. "బాబాయ్, ఇదిగో ఇది. నొక్కి చూడండి, ఎలా పడుతుందో." టెస్ట్ బటను తానే నొక్కి చూసిన మనిషి చాలాసార్లు ఒప్పుకుంటాడు. పాత వైరింగులో న్యూట్రళ్లు కలిసిపోయి ఉంటే అది ఊరికే పడిపోతుంటుంది. ఆ చిక్కు విప్పడానికి ఇంకో పూట పట్టొచ్చు, అదీ ముందే చెప్పాలి. పెట్టె లేకుండా వెళ్తే మాట ఇంకోలా ముగుస్తుంది. "మంచిదేనయ్యా, తర్వాత చూద్దాం." ఆ తర్వాతకి ముహూర్తం ఉండదు. ఆ గుంటలో కూర్చున్న నేతగాడే కండెలన్నీ చుట్టి పక్కన పెట్టుకున్నాక గాని నాడె అందుకోడు. పడుగు మీద పని సాగుతుండగా నూలు కోసం బజారుకి పరిగెత్తే నేతగాణ్ణి ఎవరూ పనిమంతుడనరు. కరెంటు పనివాడి దగ్గరికి వచ్చేసరికి ఆ పరుగే పనితనం ఎలా అయింది?

కమిషన్ అనుమానం అన్నిటికన్నా మొండిది. సొంత సరుకు వేసేవాడు దాని మీద తింటాడని. కొందరు తింటారు, నిజమే. అయితే జాబితా రాసిచ్చి ఇంటివాళ్లని షాపుకి పంపే పద్ధతిలో కమిషన్ లేదనుకోవడం అమాయకత్వం. వైరు కాయిల్ డబ్బాలో కూపను ఉంటుంది. స్విచ్చుల పెట్టె మీద స్కాన్ చేసే కోడు ఉంటుంది. ఆ పాయింట్లు పనివాడి ఫోనులోకే పోతాయి. ఫలానా షాపుకే వెళ్లండని అతను చెప్పడానికి కారణం ఏమిటో షాపువాడికీ అతనికీ తెలుసు, డబ్బు కట్టిన ఇంటాయనకి తెలియదు. పైగా జాబితా పట్టుకుని వెళ్లిన ఇంటాయన కౌంటరు దగ్గర బేరమాడి, ఐఎస్ఐ గుర్తు లేని వైరో, పేరు చూస్తే పెద్ద కంపెనీదనిపించే నకిలీ ఎంసీబీయో తెస్తాడు. అది కాలిన నాడు షాపువాడు పనివాడి వైపు చూపిస్తాడు, పనివాడు ఇంటాయన వైపు చూపిస్తాడు. బండిలోంచి తీసి వేసిన వస్తువుకి బాధ్యుడు ఒక్కడే. వేలు ఎటు చూపాలో అందరికీ తెలుసు. అనుమానం ఉన్నవాళ్లు పెట్టె మీద ఎంఆర్‌పీ చూసుకోండి, బిల్లు అడగండి, విప్పిన పాత వస్తువు మీ చేతికివ్వమనండి. నిజాయతీ కనిపెట్టడానికి ఇన్ని దారులుండగా సరుకే లేకుండా రమ్మనడం ఏం న్యాయం?

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోనుల్లో చెబుతుంటారు, అక్కడ ఎలక్ట్రీషియన్ వ్యానే ఒక షాపని. దానికి ఇక్కడ సిద్ధంగా ఉండే జవాబు: వాళ్లకి గంటకిన్ని డాలర్లు కనక షాపుకి తిరిగితే నష్టం, మన దగ్గర కూలి చవక, తిరిగితే ఏం పోయింది? ఈ జవాబులోని క్రూరత్వం నాకు సహించదు. చవకైనది ఎవరి కాలం? బండి వెనక కూర్చుని, ఒక ఎంసీబీ కోసం ఎర్రటి ఎండలో వారధి మీదుగా పోయి వచ్చే హెల్పర్ కుర్రాడి కాలం. రోజుకి నాలుగు ఇళ్ల పని చూడగలిగిన మేస్త్రి రెండిళ్లతో ఆగిపోతే పోయేది అతని పిల్లల ఫీజు. తిరుగుడుకి ఎవరూ డబ్బివ్వరు. దాన్ని అతనే మింగాలి, లేదా ఇంకో చోట పని కుదించి పూడ్చుకోవాలి. ఎర్త్ వైరు లాగకుండా వదిలేసిన పాయింట్లు ఎలా పుడతాయో ఇక్కడే వెతకాలి.

ఇంతా చెప్పి, బండి నింపుకుంటే చాలనడం లేదు. గుట్టలా నింపిన వ్యాను ఖాళీ జేబు కన్నా నయమేమీ కాదు. ఒక్కోసారి దానికన్నా చేటు. మేం వెళ్లేదే కరెంటు పోయిన ఇంటికి. వెతికేది చీకట్లో, ఫోను వెలుగులో. 16 యాంపియర్ల ఎంసీబీలు, 32 యాంపియర్లవి ఒకే డబ్బాలో కలిపి పడేస్తే చేతికి ఏది దొరికితే అది బోర్డులోకి పోతుంది. పైపులో వేసిన రెండున్నర ఎంఎం వైరు మోయగలిగింది ఇరవై యాంపియర్లకి అటూ ఇటూ. దాని మీద 32 కూర్చుంటే కాపలా లేనట్టే. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, వేసినవాడు కూడా మర్చిపోతాడు. అందుకే సర్దడం కంటికి ఇంపు కోసం అనుకునేవాళ్లతో నాకు పేచీ.

నా ఓమ్నీలో డ్రైవరు సీటు వెనక మందపాటి ప్లైవుడ్డు అడ్డం ఉంది. సడన్ బ్రేకు వేస్తే హామర్ మిషను వచ్చి మెడ మీద పడకూడదు కదా. బరువైనవన్నీ కింది అరలో. వైరు కాయిల్స్ ఒక జీఐ పైపుకి గుచ్చి ఉంటాయి, లాగితే చిక్కుపడకుండా వస్తాయి. ఒకటి, ఒకటిన్నర, రెండున్నర, నాలుగు ఎంఎం, ఎడమ నుంచి కుడికి అదే వరస. పాత మేస్త్రీలు వచ్చి పాత గేజి పేర్లతో "త్రీ ట్వంటీ ఏది, సెవెన్ ట్వంటీ ఏది" అనడిగినా హెల్పర్ తడుముకోకుండా చూపించగలగాలి. ఎంసీబీలు వాటి అట్టపెట్టెల్లోనే, యాంపియర్ కనిపించేలా నిలబెట్టి. ఫ్యాను కెపాసిటర్లు రెండున్నర ఎంఎఫ్‌డీ ఒక డబ్బాలో, 3.15 ఇంకో డబ్బాలో. అల్యూమినియం సర్వీసు వైరుని రాగి బస్‌బారుకి కలపడానికి బైమెటల్ లగ్గులు, వాటి పక్కనే క్రింపింగ్ టూలు, ఎందుకంటే ఒకటుండి రెండోది లేకపోతే రెండూ లేనట్టే. లగ్గు లేనివాడు అల్యూమినియం పోగుల్ని బోల్టు చుట్టూ ప్లేయరుతో మెలిపెట్టి వాషరు బిగిస్తాడు. వేడికీ చలికీ అది వదులవుతుంది. త్రీఫేజ్ మెయిన్‌లో న్యూట్రల్ అలా వదులైన రోజు ఒక ఫ్లాటులో లైట్లు మిణుకుమంటాయి, పక్క ఫ్లాటులో మూడు వందల వోల్టులు దాటి టీవీ, ఫ్రిజ్జు మాడిపోతాయి.

వేసవికి వేరే జాగ్రత్త. మా వైపు ఎండ 45 డిగ్రీలకి పోయే రోజుల్లో మూసిన వ్యాను లోపల ఇన్సులేషన్ టేపు జిగురు కారి, చుట్టంతా ముద్దవుతుంది. ఆ టేపు అతికినట్టే ఉండి వారంలో ఊడుతుంది. టేపు చుట్టలు, మీటర్ల బ్యాటరీలు రాత్రి ఇంట్లోకి తెచ్చుకోవాలి. పీవీసీ పైపులకి పూసే సొల్యూషన్ డబ్బా మండే సరుకు, దాన్ని డ్రిల్లు, గ్రైండరు దగ్గర పెట్టకూడదు. వానాకాలం డ్రిల్ బిట్లు తుప్పు పడతాయి, నూనె గుడ్డలో చుట్టాలి. ఇవన్నీ చూసి ఇంత తతంగమా అనేవాళ్లకి చెప్పేదొకటే. ఇందులో ప్రతిదీ ఒక ఇంట్లో ఎవరో ఒకరు సర్దేసిన పని మళ్లీ విప్పి చేశాక పెట్టుకున్న నియమం.

మిగిలిన అభ్యంతరం డబ్బుది. దాన్ని నేను గౌరవిస్తాను. ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, అప్పు చేసి పాత ఎక్సెల్ బండి కొనుక్కున్న కుర్రాడు వ్యాను ఎక్కడి నుంచి తెస్తాడు? సరుకులో పెట్టిన డబ్బు ఇరుక్కుపోదా? 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులకి పనిముట్ల కోసం 15 వేల రూపాయలు ఇస్తున్నారు. మంగలి, చాకలి, తాపీ మేస్త్రి, దర్జీ అందరూ ఉన్నారు, ఉండవలసినవాళ్లే. ఎలక్ట్రీషియన్ పేరు ఆ జాబితాలో లేదు. ప్రతి ఇంటి గోడలోనూ చెయ్యి పెట్టే మనిషికి చోటు లేకపోవడం అన్యాయం. దాన్ని సరిచేయమని అడగాలి.

అడుగుతూనే, చేతిలో ఉన్న దారి వదులుకోనక్కర లేదు. ఎక్సెల్ వెనక బిగించిన ఇనప పెట్టె చాలు. అందులో ఏం పెట్టాలో తేల్చడానికి ఒకటే ప్రశ్న: ఇది లేకపోతే ఈ రాత్రి ఆ ఇంట్లో ప్రమాదం మిగులుతుందా? మిగులుతుందంటే పెట్టెలో ఉండాలి. ఫ్యూజు వైరు, 6, 16, 20 ఎంసీబీలు రెండేసి, 16 యాంపియర్ల సాకెట్టు, ఒకటిన్నర, రెండున్నర, నాలుగు ఎంఎం వైరు ముక్కలు, కనెక్టర్లు, హోల్డర్లు, ఒక ఆర్‌సీసీబీ, మల్టీమీటరు. డెకరేషన్ లైట్లు, రంగురంగుల ప్లేట్లు రేపు తెచ్చుకోవచ్చు. పెట్టుబడి మొత్తం ముందే పెట్టనక్కరా లేదు. తెలిసిన కుర్రాడికి మంగళగిరి బజారులో సరుకు ఖాతా మీద ఇచ్చే షాపులున్నాయి. వాడినదానికి శనివారం డబ్బు, పెట్టె విప్పనిది వాపసు.

ఆ కుర్రాడు గడప తొక్కినందుకు రెండు వందలు అడిగితే "రావడానికే రెండొందలా?" అని కొట్టిపారేయకండి. రాత్రి పదింటికి మీకు 20 యాంపియర్ల ఎంసీబీ దొరికింది ఆ రెండు వందల వల్లే. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి కూడా ఇదే చెబుతాను: రాకకి తీసుకున్న డబ్బు ఇంటి ఖర్చులో కలపొద్దు, విడిగా డబ్బాలో వెయ్యి, శనివారం షాపు ఖాతా అందులోంచే తీర్చు.